కచేరీ టికెట్: పెరిగిన ధర, చేరిన చోటు

సంగీత ప్రదర్శనల వ్యాపార లెక్కలను ప్రచురించే అమెరికన్ పత్రిక పోల్‌స్టార్ ప్రకారం, అగ్రశ్రేణిలో నిలిచిన 100 సంగీత పర్యటనలలో సగటు టికెట్ ధర 1996లో సుమారు 26 డాలర్లు ఉండగా, 2024 నాటికి అది సుమారు 136 డాలర్లకు చేరింది. ఇదే కాలంలో అమెరికాలో సాధారణ ధరల స్థాయి రెట్టింపయింది. రొట్టె, పాలు, పెట్రోలు, ఇంటి అద్దె అన్నీ కలిపి చూసిన సగటు ఖర్చు రెండింతలు కాగా, పాటగాడిని ఎదురుగా కూర్చుని వినే ఖర్చు ఐదింతలు దాటిందన్నమాట. దీనికి గాయకుల అత్యాశ కారణమని కొందరు, దళారుల దోపిడీ అని కొందరు, అభిమానుల వెర్రి అని మరికొందరు అంటూ వచ్చారు. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు గాని, మూడింటి వెనుకా నిలిచిన అసలు ప్రశ్నను ఈ నిందలు కప్పిపుచ్చుతాయి. గాయకుడు అడిగిన ధరకూ, శ్రోత ఇవ్వడానికి సిద్ధపడిన ధరకూ మధ్య ఎప్పుడూ కొంత తేడా ఉంటూనే వచ్చింది. ఆ తేడా ఎవరికి చెందాలి, ఇప్పుడు ఎవరికి చెందుతున్నది అన్నదే ఆ ప్రశ్న.

ముందు ఖర్చు సంగతి చూడాలి. కళా ప్రదర్శనల ఖర్చు ఎందుకు పెరుగుతూనే ఉంటుందో క్రమబద్ధంగా వివరించినవారు విలియం బామోల్, విలియం బోవెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు. 1966లో వెలువడిన వారి గ్రంథంలోని వాదం సరళమైనది: కర్మాగారంలో యంత్రాలు మెరుగుపడే కొద్దీ ఒక కార్మికుడు గంటలో తయారుచేసే వస్తువుల సంఖ్య పెరుగుతుంది, దానితోపాటు అతని వేతనమూ పెరుగుతుంది, నలుగురు విద్వాంసులు కలిసి వాయించవలసిన షూబర్ట్ రచనకు మాత్రం ఆ రచన పుట్టిననాడు ఎందరు మనుషులు, ఎంత సమయం కావలసి వచ్చాయో ఈనాడూ అంతే కావాలి. అయినా ఆ విద్వాంసులు బతకవలసింది తక్కినవారి వేతనాలన్నీ పెరిగిన సమాజంలోనే కాబట్టి, వారి పారితోషికమూ ఎంతో కొంత పెరగక తప్పదు. ఉత్పాదకత, అంటే మనిషి గంటసేపు పడిన శ్రమకు దక్కే ఫలితం, పెరగకపోయినా వేతనం పెరుగుతూ పోయే ఈ స్థితిని అర్థశాస్త్రం బామోల్ వ్యయరోగం అని పిలుస్తుంది. కర్ణాటక కచేరీ విషయంలోనూ ఇది చక్కగా వర్తిస్తుంది. గాత్రానికి తోడు వయొలిన్, మృదంగం, ఘటం, తంబూరా ఉండవలసిన చోట ఒకరిని తగ్గించి ఆదా చేయడం కుదరదు, తాళవాద్యాలు మాత్రమే వినిపించే తని ఆవర్తనాన్ని సగం సమయంలో ముగించి ఖర్చు మిగల్చమని మృదంగ విద్వాంసుణ్ణి అడగడమూ కుదరదు. అడిగే నిర్వాహకులు లేకపోలేదన్నది వేరే సంగతి.

అయితే ఈ వాదం మైకు లేని మందిరానికి సరిపోయినంతగా స్టేడియానికి సరిపోదు. మనిషి గొంతు ఎంత దూరం వినిపిస్తుందో అదే గాయకుల సంపాదనకు హద్దు అని బ్రిటిష్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ తన కాలంలో భావించగా, ఆ హద్దు మైకులతో, లౌడ్‌స్పీకర్లతో చెరిగిపోయింది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ బృందం పాడినప్పుడు హాజరైనవారు 55 వేలకు పైగా ఉన్నారు. అందరికంటే ఖరీదైన టికెట్ ఆరు డాలర్లకు లోపే ఉంది. వేదిక మీద ఉన్నది నలుగురే. బామోల్ లెక్క ప్రకారం చూస్తే ఇక్కడ ఉత్పాదకత వందల రెట్లు పెరిగినట్లే, కాబట్టి తలసరి ధర తగ్గాలి. అది తగ్గకపోవడానికి భారీ తెరలు, దీపాలంకరణ, పదుల కొద్దీ లారీల్లో ఊరూరా తిరిగే సామగ్రి కొంత కారణం. అంతకంటే పెద్ద కారణాన్ని ఆర్థికవేత్త షెర్విన్ రోజెన్ 1981లో రాసిన వ్యాసంలో చూపించాడు: ఒకే గాయకుడు లక్షలమందికి అందుబాటులోకి వచ్చినప్పుడు, శ్రోతలు కాస్త మెరుగైనవాడి దగ్గరికే అందరూ ఎగబడతారు గనుక, ప్రతిభలోని చిన్న తేడా సంపాదనలో బ్రహ్మాండమైన తేడాగా మారుతుంది. అధ్యక్షుడు ఒబామా ఆర్థిక సలహా మండలికి నాయకత్వం వహించిన అలన్ క్రూగర్ లెక్కల ప్రకారం, కచేరీల మొత్తం రాబడిలో అగ్రస్థానంలోని ఒక శాతం కళాకారుల వాటా 1982లో 26 శాతం కాగా, 2017 నాటికి 60 శాతానికి చేరింది. టికెట్ ధర పెరిగిందని చెప్పుకునేటప్పుడు నిజానికి ఈ ఒక శాతం కళాకారుల టికెట్ గురించే ఎక్కువగా మాట్లాడుకోవడం జరుగుతున్నది.

ధరలు ఎగబాకిన కాలాన్ని గమనిస్తే మరొక కారణం బయటపడుతుంది. 1996 నుంచి 2003 వరకు అమెరికాలో సాధారణ ధరలు 17 శాతం పెరిగితే, కచేరీ టికెట్ల ధరలు 82 శాతం పెరిగాయని క్రూగర్ లెక్కగట్టాడు. సరిగ్గా ఆ మధ్యలోనే, 1999లో, ఇంటర్నెట్‌లో పాటలను ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ వచ్చింది. ఆ ఏడాది 1,460 కోట్ల డాలర్లున్న అమెరికన్ రికార్డుల వ్యాపారం తర్వాతి పదిహేనేళ్లలో సగానికంటే తక్కువకు కుంగిపోయింది. అంతకుముందు కచేరీ అన్నది కొత్త రికార్డుకు ప్రచారం లాంటిది కాబట్టి టికెట్ ధర తక్కువగా ఉన్నా నష్టం లేదు, చౌకగా వచ్చి విన్నవారు మర్నాడు దుకాణంలో రికార్డు కొనేవారు. రికార్డు అమ్మకం పడిపోయాక ఆ చౌకదనానికి ఆధారం పోయింది. ఇకమీదట రికార్డయిన సంగీతం కొళాయి నీరులాగా, కరెంటులాగా ఇంటింటికీ వచ్చిపడుతుందని, కళాకారులు పర్యటనల మీదే బతకడానికి సిద్ధపడాలని గాయకుడు డేవిడ్ బోవీ 2002లోనే ఒక పత్రికా సంభాషణలో హెచ్చరించాడు. క్రూగర్ దానికి బోవీ సిద్ధాంతం అని పేరు పెట్టాడు. 2017లో అత్యధికంగా సంపాదించిన 48 మంది సంగీతకారుల ఆదాయంలో సగటున 80 శాతం పర్యటనల నుంచి, 15 శాతం మాత్రమే రికార్డుల నుంచి వచ్చినట్లు అతని గ్రంథం రాకనామిక్స్ చూపిస్తుంది. నెలకు నూటయాభై, రెండు వందల రూపాయలకు ప్రపంచ సంగీతమంతా ఫోనులో వినగలుగుతున్న శ్రోత, ఆ చౌకకు మూల్యాన్ని ఏడాదికొకసారి స్టేడియం గేటు దగ్గర చెల్లిస్తున్నాడన్నమాట.

ఇంతవరకు చెప్పినది గాయకుడు అడిగే ధర పెరగడం గురించి. శ్రోత ఇవ్వడానికి సిద్ధపడే ధర దానికంటే ఎప్పుడూ ఎక్కువే అన్న సంగతి కొత్తది కాదు. 1850 సెప్టెంబరులో స్వీడన్ గాయని జెన్నీ లిండ్‌ను న్యూయార్క్‌కు రప్పించిన పి.టి. బార్నమ్ అనే వినోద వ్యాపారి, మొదటి కచేరీ టికెట్లను వేలం వేశాడు. మొదటి టికెట్‌ను జాన్ జెనిన్ అనే టోపీల వ్యాపారి 225 డాలర్లకు పాడుకున్నాడు. ఆ వార్త దేశమంతటా పత్రికల్లో వచ్చి అతని టోపీలకు పెట్టుబడి లేని ప్రచారం దక్కింది కాబట్టి, పాట కోసం పెట్టిన ఖర్చా, టోపీల కోసం పెట్టినదా అన్నది ఎవరికి తోచినట్లు వారు అనుకోవచ్చు. కొన్ని వారాల తర్వాత బోస్టన్‌లో మొదటి టికెట్ 625 డాలర్లు పలికింది. వేలం అంటే ప్రతి సీటుకు దాని పూర్తి గిరాకీ ధరను నిర్వాహకుడే రాబట్టుకోవడం. ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది కళాకారులు ఆ పద్ధతిని కావాలనే వదులుకున్నారు. అభిమానుల కళ్లలో ఆశపోతుగా కనిపించడం వారికి ఇష్టం లేదు. పైగా ముందు వరసల్లో చేతులు కట్టుకుని కూర్చునే సంపన్నుల కంటే, గంటల తరబడి నిలబడి గొంతు కలిపే కుర్రకారు ఉంటేనే ప్రదర్శన రక్తి కడుతుందని వారికి తెలుసు. కాబట్టి టికెట్ మీద అచ్చయిన ధర గిరాకీ ధరకంటే తక్కువగా ఉండేది, ఆ తగ్గింపు గాయకుడు అభిమానికి ఇచ్చిన కానుక.

ఆ కానుక అభిమానికి చేరకముందే దారిలో కాజేసేవారు ఉంటారన్నది తెలుగునాట సినిమా హాలు బయట కొత్త సినిమా విడుదలనాడు బ్లాకులో టికెట్ కొన్న ఎవరికైనా విడమరచి చెప్పనక్కరలేదు. కంప్యూటర్ అమ్మకాలు వచ్చాక గేటు దగ్గర గుసగుసలాడే దళారి స్థానంలో బాట్ వచ్చింది. బాట్ అంటే మనిషి ఒక్క టికెట్ ఎంచుకునేలోగా వందల టికెట్లను తనంతట తానే కొనిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్. దీన్ని అమెరికా 2016లో ప్రత్యేక చట్టంతో నిషేధించినా, ఆ చట్టం కింద పట్టుబడినవారు బహు కొద్దిమంది. 2022 నవంబరు 15న గాయని టేలర్ స్విఫ్ట్ ఎరాస్ పర్యటనకు టికెట్‌మాస్టర్ సంస్థ ముందస్తు అమ్మకం తెరిచిననాడు, మనుషులూ బాట్లూ కలిసి ఆ సంస్థ వ్యవస్థకు 350 కోట్ల అభ్యర్థనలు పంపారు. ఆ ఒక్క రోజులోనే 20 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోగా, తర్వాత జరగవలసిన బహిరంగ అమ్మకాన్నే రద్దు చేయవలసి వచ్చింది. ఆమె అచ్చు ధరను 49 డాలర్ల నుంచి 449 డాలర్ల మధ్యనే ఉంచింది గాని, మళ్లీ అమ్మకంలో అవే టికెట్లు వేల డాలర్లు పలికాయి.

దళారి చేతికి పోయే తేడాను కళాకారుడే తీసుకుంటే తప్పేమిటన్న వాదం నుంచి పుట్టినదే డైనమిక్ ప్రైసింగ్, అంటే గిరాకీని బట్టి నిమిష నిమిషానికి మారే ధర. విమాన టికెట్లలో జనం దీనికి అలవాటుపడ్డారు. 2022 వేసవిలో శ్రామికవర్గపు గాయకుడిగా పేరుపడ్డ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీ టికెట్లు కొన్ని ఈ పద్ధతిలో 5 వేల డాలర్లకు చేరినప్పుడు గగ్గోలు పుట్టింది. 88 శాతం టికెట్లు ముందుగా నిర్ణయించిన ధరకే అమ్మామన్న టికెట్‌మాస్టర్ వివరణ ఎవరినీ చల్లబరచలేదు. 2024 ఆగస్టు 31న ఒయాసిస్ బృందం పునఃకలయిక టికెట్లకు ఆన్‌లైన్‌లో గంటల తరబడి నిలబడిన బ్రిటిష్ అభిమానులు తమ వంతు వచ్చేసరికి 148 పౌండ్ల టికెట్ 355 పౌండ్లకు చేరడం చూశారు. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ విచారణలో తేలినది మరింత ఆసక్తికరం: అక్కడ ధరను పెంచుతూ పోయిన యంత్రమేదీ లేదు, నిలబడి చూసే టికెట్లకే రెండు ధరలు ముందే పెట్టి, చౌకవి అయిపోయాక ఖరీదైనవి బయటకు వదిలారు, ఆ సంగతి వరసలో నిలుచున్నవారికి చెప్పలేదు. వరసలో ముందుకు జరుగుతున్న కొద్దీ ధర రహస్యంగా మారిపోతుంటే దానిని మార్కెట్ అనడం కూడా కష్టమే. ధర తెలియడం మార్కెట్‌కు మొదటి షరతు.

కానుకను మింగే మూడో నోరు రుసుములది. 2023 మార్చిలో ది క్యూర్ బృందం అమెరికా పర్యటనకు కొన్ని టికెట్లను 20 డాలర్లకే ఇవ్వాలని నిర్ణయించింది. ఒక అభిమాని అలాంటివి నాలుగు కొనగా, టికెట్లకు 80 డాలర్లు, ఒక్కో టికెట్‌కు సేవా రుసుము 11 డాలర్ల 65 సెంట్లు, వేదిక రుసుము 10 డాలర్లు, వీటన్నిటి మీద ఆర్డరుకు 5 డాలర్ల 50 సెంట్లు కలిపి బిల్లు 172 డాలర్ల 10 సెంట్లు అయింది. పాటకంటే పాట దగ్గరికి పోవడానికి కట్టిన సుంకమే ఎక్కువ. బృంద నాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా నిలదీశాక టికెట్‌మాస్టర్ కొందరికి పది డాలర్లు, కొందరికి ఐదు డాలర్లు వాపసు ఇచ్చింది. ఈ రుసుములు సగటున టికెట్ ధరలో 27 శాతం ఉంటాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018లోనే నివేదించింది. అవి ఎందుకు తగ్గవన్నదానికి జవాబు వ్యాపార నిర్మాణంలో ఉంది. కచేరీలు ఏర్పాటు చేసే లైవ్ నేషన్, టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ 2010లో ఒకటయ్యాయి. గాయకుల వ్యవహారాలు చూసేదీ, కచేరీ పెట్టేదీ, అనేక మందిరాలను నడిపేదీ, టికెట్ అమ్మేదీ, అదే టికెట్‌ను మళ్లీ అమ్ముకునే చోటు కల్పించేదీ ఒకే గొడుగు కిందికి వచ్చాక, ఏ చేతిలోంచి ఏ చేతికి డబ్బు మారినా అది ఆ ఇల్లు దాటదు. పెద్ద వేదికల టికెట్ అమ్మకంలో సుమారు 80 శాతం ఈ సంస్థ గుప్పిట్లో ఉందని ఆరోపిస్తూ అమెరికా న్యాయశాఖ 2024 మేలో దావా వేసింది. సంస్థ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. గాయకుల అత్యాశ గురించి పత్రికలు రాసిన సంపాదకీయాల్లో సగమైనా ఈ నిర్మాణం మీద రాసి ఉంటే బాగుండేది.

భారతదేశంలో ఈ కథ 2024 సెప్టెంబరు 22న ఒక్కసారిగా ఇంటింటి మాట అయింది. కోల్డ్‌ప్లే బృందం నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియం కచేరీలకు బుక్‌మైషోలో టికెట్లు తెరవగానే కోటి ముప్పై లక్షల మంది ఎగబడ్డారు. మూడు రోజుల కచేరీలకు కలిపినా సీట్లు రెండు లక్షలకు మించవు. అచ్చు ధర 2,500 రూపాయల నుంచి 35 వేల వరకు ఉండగా, గంటల్లోనే మళ్లీ అమ్మే వెబ్‌సైట్లలో అది లక్షలకు ఎక్కింది. నకిలీ టికెట్ల ఫిర్యాదుల మీద అక్టోబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ పలు నగరాల్లో సోదాలు జరిపింది. ఇదే బృందం ఇన్‌ఫినిటీ టికెట్ పేరుతో కొన్ని సీట్లను 2 వేల రూపాయలకే ఇచ్చిన తీరు మాత్రం గమనించదగినది. వాటిని జంటగానే కొనాలి. సీటు ఎక్కడో ముందు తెలియదు, స్టేడియం చివరి మెట్టు కావచ్చు, వేదిక ముందు కావచ్చు. కచేరీనాడు కొన్నవారే వచ్చి బాక్సాఫీసు దగ్గర టికెట్ తీసుకోవాలి. ఎక్కడి సీటో తెలియని, ముందుగా చేతికి రాని టికెట్‌ను బ్లాకులో అమ్మడం దాదాపు అసాధ్యం. కానుకను చేరవలసినవారికే చేర్చే ఉపాయాలు ఉన్నాయని, వాటికి కావలసింది కళాకారుల పట్టుదల మాత్రమేనని ఈ చిన్న ఏర్పాటు చూపించింది.

తెలుగు శ్రోతకు ఇదంతా ఎంతో కొంత వింతగా తోచడానికి కారణం లేకపోలేదు. శ్రీరామనవమి పందిట్లో పాటకచేరీకి గాని, హరికథకు గాని టికెట్ ఉండదు. తిరుమలలో నాదనీరాజనం వేదిక మీద జరిగే కచేరీకి ఉండదు. తిరువాయూరు త్యాగరాజ ఆరాధనలో విద్వాంసులే పారితోషికం పుచ్చుకోరు. ఆకాశవాణి 1954 నుంచి నిర్వహిస్తూ వచ్చిన సంగీత సమ్మేళనాలకు ప్రవేశం ఆహ్వానం మీదే గాని రుసుము మీద కాదు. చెన్నపట్నంలో 1928లో ఏర్పడిన మ్యూజిక్ అకాడమీ డిసెంబరు ఉత్సవంలో సైతం మధ్యాహ్నం కచేరీలు ఉచితం, సాయంత్రం కచేరీలకే టికెట్. అయితే ఉచితం అన్నది ధర లేకపోవడం కాదు, ధరను మరొకరు కట్టడం. పందిట్లో ఊరివారి చందాలు, గుడిలో దేవుడి హుండీ, ఆకాశవాణిలో ప్రభుత్వ నిధులు, సభలో స్పాన్సర్లు ఆ భారం మోస్తారు; ఎవరూ మోయని మిగతా భాగం మధ్యాహ్నం పాడే యువ గాయకుల మీద, వారికంటే ఎక్కువగా పక్కవాద్యాల మీద పడుతుంది. ప్రధాన గాయకుడి పారితోషికం గురించి నిర్వాహకుడు ముందే బేరం కుదుర్చుకుంటాడు గాని, ఘటం వాయించేవారికి ఎంత అన్నది తరచూ కచేరీ అయ్యాక అందే కవరులోనే తెలుస్తుంది. శాస్త్రీయ సంగీత కచేరీకి మూడు వందల రూపాయల టికెట్ పెట్టారని విసుక్కునే రసికుడు, తెలుగు సినీ సంగీత దర్శకుడి లైవ్ షోకు అంతకు పదింతలు పెట్టడానికి వెనుకాడకపోవడం ఈ రంగంలో ఎవరూ పైకి అనని నిజం. పెద్ద స్టేడియాల ధరల మీద పుట్టిన కోపం చిన్న సభల టికెట్ల మీదికి మళ్లకూడదు. అక్కడ ధర పెరగవలసే ఉంది.

పన్ను విధానం ఈ తేడాను కొంతవరకు గుర్తించింది. వస్తుసేవల పన్ను నిబంధనల ప్రకారం సంగీత ప్రదర్శన టికెట్ 500 రూపాయల లోపు ఉంటే పన్ను లేదు, దాటితే 18 శాతం. 2018 జనవరికి ముందు ఆ హద్దు 250 రూపాయలుగా ఉండేది. ధరల నియంత్రణలో మాత్రం చట్టం కచేరీలను చూడనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ప్రభుత్వం సినిమా టికెట్ ధరలను తగ్గించడం, దాని మీద పరిశ్రమ గొడవ, 2022 మార్చిలో కొత్త ఉత్తర్వులు తెలుగువారందరికీ తెలిసినవే. ఆ అధికారం సినిమా హాళ్ల నియంత్రణ చట్టాల నుంచి వచ్చినది కాబట్టి స్టేడియంలో జరిగే పాటల కార్యక్రమానికి అది వర్తించదు. ఐర్లండ్ 2021లో నిర్దేశిత వేదికల టికెట్లను అచ్చు ధరకు మించి తిరిగి అమ్మడాన్ని నేరం చేయగా, అదే బాటలో నడుస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. అలా చేస్తే వ్యాపారం వెబ్‌సైట్ల నుంచి వాట్సాప్ గుంపుల్లోకి పోయి మోసాలు పెరుగుతాయని వ్యతిరేకులు అంటారు. బ్లాకు టికెట్ చరిత్ర తెలిసినవారు ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేరు. ఐర్లండ్ తరహా చట్టానికి సరిగ్గా ఎదురుగా నిలిచిన చట్టాలూ ఉన్నాయి. ది క్యూర్ బృందం తన చౌక టికెట్లు చేతులు మారకుండా, కొన్నవారే రావాలన్న షరతు పెట్టాలనుకున్నప్పుడు అమెరికాలో చాలాచోట్ల అది సాధ్యమైంది గాని, న్యూయార్క్, షికాగో, డెన్వర్ నగరాల్లో సాధ్యం కాలేదు. టికెట్ కొన్నవారికి దాన్ని ఇష్టమొచ్చినట్లు అమ్ముకునే హక్కు ఉండాలంటూ వినియోగదారుల రక్షణ పేరుతో ఆ నగరాలున్న రాష్ట్రాలు చేసిన చట్టాలే అందుకు అడ్డుపడ్డాయి, వాటి నీడలో ఆ 20 డాలర్ల టికెట్లు దళారుల వెబ్‌సైట్లలో యథేచ్ఛగా అమ్ముడుపోవడానికి వీలు కలిగింది.